ఆరో అంతస్తు, చెప్పండి

ఆ పొద్దున హోటలు లాండ్రీలో తడి దుప్పట్లను యంత్రంలోంచి లాగుతూనే అతను ఫోను పక్కనున్న బొత్తాం బొటనవేలితో నొక్కిపట్టి, "ఆరో అంతస్తు, చెప్పండి" అన్నాడు. నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి. హోటల్లో పనిచేసే వాళ్ళందరి చేతుల్లోనూ ఇవే ఫోన్లు. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడుతుంది. ఆరో అంతస్తులో గదులు సర్దేది అతని భార్య. ఇంట్లో ఏనాడూ పెళ్ళాన్ని "అండీ" అని ఎరగని మనిషి నేలమాళిగలో నిలబడి అంత మర్యాద ఒలకబోస్తుంటే వంటవాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవారు.

అసలు సంగతి వాళ్ళకు తెలియదు. ఇంట్లో ఆవిడ అతనితో మాట్లాడటం మానేసి ఏడాది దాటింది. మంచానపడ్డ తల్లిని తెచ్చుకుంటానంటే, ఉన్నది ఒక్క గది, ఎక్కడ పడుకోబెడతావని కసిరాడు. ఆ తల్లి ఆవిడ చెల్లెలి ఇంట్లో పోయింది. అప్పటినుంచి కంచం పెట్టడం, తీయడం, అంతే. భార్య గొంతు వినాలంటే అతను పనికి రావాలి. దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు అంటూ ఆ మాటలతోనే కాపురం నెట్టుకొస్తున్నాడు.

ఈ సాయంత్రంతో బొత్తాం ఫోన్లు ఆగిపోతున్నాయి. రేపటినుంచి ఏం కావాలన్నా రాసి పంపడమే. వీటికిక భవిష్యత్తు లేదన్నాడు మేనేజరు. నొక్కగానే మనిషి పలికే సుఖం రాతలో ఎక్కడుంటుందని లాండ్రీ అతను ఒక్కడే గొణిగాడు. నీ కాలం చెల్లిందిలే బాబాయ్ అని మిగతావాళ్ళు నవ్వేశారు.

దుప్పట్లు అందాక ఆవిడ మళ్ళీ పిలిచింది.

"లాండ్రీ, అందాయండీ. ఇంకేమైనా చెప్పేది ఉందా?"

ఎన్నడూ అలా అడగలేదు. తప్పు నాదేనన్న మాట గొంతుదాకా వచ్చింది. హోటలంతా వింటుందని తలుచుకోగానే సిగ్గు ముంచుకొచ్చింది.

"ఏం లేదండీ."



మధ్యాహ్నమంతా తనను తాను తిట్టుకుంటూ ఇస్త్రీ చేశాడు. పోతే పోయింది వెధవ పరువు అనుకున్నాడు చివరికి. యంత్రాలన్నీ ఆపేసి, బొత్తాం నొక్కి, ఫోను కూత వినబడ్డాకే మొదలుపెట్టాడు.

"ఆరో అంతస్తు... ఇదిగో, నిన్నే. మీ అమ్మని రానివ్వాల్సింది. తప్పు నాదే. ఇవాళ ఇంటికెళ్ళాక ఒక్క మాట మాట్లాడు. తిట్టినా సరే."

వేలు నొప్పెట్టేదాకా పట్టుకుని వదిలాడు. రిసెప్షన్ అమ్మాయి పలికింది.

"బాబాయ్, పిన్ని భోజనాల వేళకే పని మానేసి వెళ్ళిపోయింది. వాళ్ళ చెల్లెలి ఊరికట. మీకు చెప్పే ఉంటుందనుకున్నాం."

హోటలంతా విన్నది. వినాల్సిన మనిషే వినలేదు. పొద్దున అడిగినప్పుడు ఆ ఒక్క మాట అని ఉంటే ఆగేదేమో అనుకుంటూ, లిఫ్టు సంగతే మరిచిపోయి మెట్లెక్కాడు. ఆరో అంతస్తులో ఆవిడ తోపుడుబండి శుభ్రంగా తుడిచి, గోడకు ఆనించి ఉంది. దాని పిడికి, చిరిగిన గలీబు అంచు పీలికతో ముడివేసి, ఇంటి తాళంచెవి వేలాడుతోంది.