మిరప కల్లం తల్లులు

మేస్త్రి పెద్దమ్మను గేటు అవతలికి నెట్టేశాడు.

"తొడిమ తీయనిదానికి కల్లంలో ఏం పని?"

ఆమె చంకలో పిచ్చుక కూతురు గుక్కపట్టి ఏడుస్తోంది. పిచ్చుకంటే బక్కపలచని పిల్లతల్లి, కల్లంలో అందరికన్నా కొత్త.

పెద్దమ్మ చేసే పనేమిటో మేస్త్రికి తెలియక కాదు. పొద్దస్తమానం ఎండుమిరపకాయల తొడిమలు తీసే చేతులతో ఏ తల్లీ బిడ్డను ముట్టుకోలేదు. ఎంత కడిగినా ఆ పూటకి ఘాటు వదలదు. చేరిన రోజున ఆ సంగతి తెలియక పిచ్చుక చేతులు కడుక్కుని రొమ్ము అందిస్తే బిడ్డ మూతి బొబ్బలెక్కింది. అప్పటినుంచి పెద్దమ్మే తల్లుల రవికెలు సడలించి, బిడ్డలను రొమ్ముకు పట్టి పాలు తాగిస్తోంది. ఆ కాసేపు పని ఆగడం ఓర్చుకోలేకపోయాడు మేస్త్రి.

"పని ఆపేద్దాం," అంది తొడిమలు తీస్తున్న పొడుగామె.

"ఆపితే రేపు వేరేవాళ్ళని దింపుతాడు. అప్పుడేం తింటాం?" అంది పక్కనున్నామె. మాటా మాటా పెరిగింది.

మేస్త్రి పసిగట్టి పిచ్చుకను పక్కకు పిలిచాడు.

"గేటు దగ్గర కూర్చుని కొత్త గోతాలు కుట్టు. చేతికి ఘాటంటదు. నీ పిల్లని పక్కనే పెట్టుకో. వాళ్ళతో మాత్రం చేరకు."

పాలతో తడిసిపోయిన రవికె చూసుకుని పిచ్చుక తలూపింది.

"చూశారా, గడ్డి కరిచింది," అంది పొడుగామె అందరికీ వినబడేలా. పిచ్చుకకు సిగ్గేసింది. ఆశపడ్డ మాట నిజమే మరి.

ఆ రోజంతా గోతాలే కుట్టి, రాత్రి చేతులు బాగా తోముకుని, ఘాటు వదిలాక మర్నాడు పొద్దున గేటు దగ్గరే కూతురికి పాలిచ్చింది. కడుపు నిండి అది నిద్రపోయింది. గేటు అవతల పెద్దమ్మ చంకలో పొడుగామె కొడుకు ఏడుపు అందుకున్నాడు. పిచ్చుకకు చెయ్యాడలేదు. సూది పక్కన పెట్టి గడియ తీసింది.

"పెద్దమ్మా, వాణ్ణి ఇటు తే."

అందరూ చూస్తుండగా వాడికి పాలిచ్చింది. మేస్త్రి పరుగున వచ్చాడు.

"నీ పిల్లకని చెప్పా, ఊళ్ళో పిల్లలందరికీ కాదు. దించు."

"వీడు తాగేదాకా దించను."

మేస్త్రి ఆమె భుజం పట్టుకున్నాడు. పొడుగామె కుప్ప దగ్గర్నుంచి లేచింది. ఘాటెక్కిన చేతులు చాచి వాడి మొహానికెదురుగా నిలబడింది. వెనకే కల్లమంతా లేచింది. మేస్త్రి చెయ్యి తీసేశాడు.

"పోలీసుల్ని పిలుస్తా."

"పిలువు," అంది పొడుగామె. "పెద్దమ్మ లోపలికొచ్చేదాకా ఒక్క తొడిమ తీయం."

పిచ్చుక చుట్టూ గేటుకడ్డంగా కూర్చున్నారు. సరుకు కోసం వచ్చిన లారీ హారన్ కొట్టి కొట్టి ఊరుకుంది. కాసేపటికి పోలీసు జీపు వచ్చి ఆగింది. ఎవరూ లేవలేదు.

పిచ్చుక పాలు తాగి నిద్రపోయిన పొడుగామె కొడుకును పెద్దమ్మకు అందించి, మళ్ళీ చేతులు చాచింది.

"ఇంకెవరు ఆకలితో ఉన్నారు, పెద్దమ్మా?"