పచ్చికలో పంతొమ్మిది రోజులు

ఆసుపత్రి బట్టల గదిలో ఇస్త్రీ చేసే ఆమెను అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. పొద్దున్న ఆరింటికల్లా వచ్చి, దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు ఆవిరిలో నిలబడి మధ్యాహ్నం దాకా మడతలు పెడుతుంది. ఇంటికెళితే మంచాన పడ్డ తల్లి. వీపు పుండు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి; పని మధ్యలో కూడా పరుగున వెళ్లి తిప్పి వస్తుంది. అన్నం మెత్తగా కలిపి నోట్లో పెట్టాలి. ఎనిమిదేళ్లుగా ఇంతే. రెండు గంటలకు మించి కన్ను మూసింది లేదు.

వీధి చివర తమ్ముడికి మంగలి షాపు ఉంది. వాడు రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి, అమ్మ ఎలా ఉందని అడిగి పోయేవాడు. వాడి చేత్తో అమ్మ తినదని వాడూ అనేవాడు, పెద్దక్క కూడా అనేది.

ఆ ఏడు ఆసుపత్రి వాళ్లు పనివాళ్లని బస్సులో పాత కోట చూపించడానికి తీసుకెళ్లారు. పెద్దక్క రానంటే రానంది. సూపర్వైజరమ్మ ఊరుకోలేదు. షాపుకి వెళ్లి, ఒక్కరోజు తల్లిని చూసుకోమని తమ్ముణ్ని ఒప్పించింది.

కోటలో గైడు ఏ రాజు ఏ బురుజు కట్టించాడో చెబుతుంటే పెద్దక్క అందరికంటే వెనక కాళ్లీడ్చుకుంటూ నడిచింది. రెండో అంతస్తు మెట్ల దగ్గర మోకాళ్లు మొరాయించాయి. మీరు చూసి రండని చెప్పి తోటలోకి దిగి, పడమటి గోడ కింద చెప్పులు విడిచి కూచుంది. ఆ గోడ కింది పచ్చిక అలసినవాళ్లని పట్టుకుంటుందని గేటు దగ్గర బోర్డు ఉంది. ఆమె చదవలేదు.

నాలుగింటికి అందరూ దిగి వచ్చేసరికి చెంప కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. పచ్చిక భుజాల దాకా పెరిగి దుప్పటిలా కప్పేసింది.

తోటమాలి వచ్చి ఆమె కళ్ల కింద నలుపు చూశాడు. "లేపితే లేవదమ్మా. నిద్ర నిండితే తనే లేస్తుంది. ఈమెకి పద్దెనిమిది, పంతొమ్మిది రోజులు పడుతుంది" అన్నాడు. కిందటేడు ఒక లారీ డ్రైవరు నాలుగు రోజులకే లేచాడట. కవలల్ని కన్న తల్లికి నెలన్నర పట్టిందట.

సూపర్వైజరమ్మ పెద్దక్క పేర సెలవు చీటీ రాసుకుని, తమ్ముడికి ఫోను చేసింది.

వాడు మర్నాడే అమ్మ దగ్గర పక్కింటామెను కూచోబెట్టి, రెక్కలు కట్టుకుని వచ్చాడు. రెండు చేతులా పచ్చిక పీకాడు. పీకినచోటే మళ్లీ మొలిచింది. చివరికి ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"అక్కా, అమ్మ నిన్నట్నించీ నా చేత్తో ముద్ద ముట్టలేదు. నేనేం చెయ్యను?"

ఆమె ఊపిరి కూడా మారలేదు. వాడు ఇంకాసేపు కూచుని, బస్సుకి టైమవుతోందని లేచి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

పంతొమ్మిదో రోజు పొద్దున పదింటికి పచ్చిక సడలింది. పెద్దక్క లేచి కూచుంది. తోటమాలి మంచినీళ్లిచ్చి ఎన్నాళ్లయిందో చెప్పాడు. ఆమె గబుక్కున అతని ఫోను అందుకుని తమ్ముడికి చేసింది.

"ఒక్క నిమిషం అక్కా, అమ్మకి తినిపిస్తున్నా" అన్నాడు తమ్ముడు, ఆమె గొంతు వినగానే. గిన్నెలో చెంచా చప్పుడు వినబడింది. తర్వాత తల్లి గొంతు, మాట ముద్దగానే ఉన్నా నెమ్మదిగా వచ్చింది. "రెండ్రోజులు మొండికేశానే. గడ్డం గీసినంత జాగ్రత్తగా పెడతాడు వీడు. షాపుకొచ్చే వాళ్ల కబుర్లన్నీ చెబుతాడు."

తమ్ముడు ఫోను తీసుకున్నాడు. మంచం షాపు వెనక గదిలోకి తెచ్చేశానని, అమ్మ ఇక అక్కడే ఉంటానందని చెప్పాడు.

"రెండు గంటలకోసారి తిప్పాలిరా."

"తెలుసక్కా. ఇప్పుడే తిప్పాను."

పెద్దక్క ఫోను తోటమాలికి తిరిగిచ్చింది. ఎనిమిదేళ్లు తను లేనిదే జరగదనుకున్న పని జరిగిపోతోంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తోటమాలి అటు తిరిగి కంచె మొక్కలు కత్తిరించసాగాడు.

కాసేపాగి, ఒంటిగంట బస్సు ఉందని గుర్తుచేశాడు.

"దాని తర్వాతది ఎన్నింటికి?"

"అయిదింటికి."

"అయితే అయిదింటి దానికే వెళ్తాను" అంది పెద్దక్క. చెప్పులు తొడుక్కుని, తోట అవతలి చివర ఏముందో చూడ్డానికి నడిచింది.