పావుకిలో ఇనుప రేకు

నేను ఒక తూకం యంత్రాన్ని, పసిపిల్లల్ని తూచేదాన్ని. నా భయమేమిటో ముందే చెప్పేస్తాను. అర్ధాకలితో ఉన్న బిడ్డ నా తొట్టెలో పడుకుంటే, బాగానే ఉందని నా ముల్లు చెప్పేస్తుందేమోనని భయం. ఇంకే భయమూ లేదు. తుప్పన్నా లేదు, సముద్రం పక్కన బతికినదాన్ని.

పుట్టింది ఎక్కడో ఉత్తరాది ఫ్యాక్టరీలో. కాకినాడకు దిగువన ఒక చేపలరేవులో కన్యస్త్రీలు పిల్లల కేంద్రం నడిపేవారు. తుఫాను వచ్చిపోయిన ఏడు చర్చి ఆడవాళ్లు చందాలేసుకుని నన్ను కొన్నారు. ఫాదరు గారు పవిత్ర జలం చల్లారు. నా రేకు తొట్టెకు తలవైపు చిన్న ఇత్తడి శిలువ బిగించారు.

అప్పట్లో తూకానికి ముందు ఏసు ప్రార్థన పాట ఉండేది. వచ్చే తల్లుల్లో ముప్పాతిక మంది గ్రామదేవత నూకాలమ్మకు మొక్కేవాళ్లే, అయినా గట్టిగా పాడేది వాళ్లే. పాలపొడి డబ్బా ఎదురుగా ఉంటే గొంతు బాగా లేస్తుంది కాబోలు. ఆ పాట ఇష్టంలేక గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయినవాళ్లనూ చూశాను. వాళ్ల బిడ్డల బరువు నాకు తెలియదు.

తరవాత చర్చి చందాలు చాలక కేంద్రం మూతపడే స్థితి వచ్చింది. ప్రభుత్వం పాలపొడికి, గుడ్లకు డబ్బిస్తానంది. తనిఖీకి వచ్చిన ఆఫీసరు పేరు ఏసుదాసు. నన్ను చూడగానే ఆయన ముఖం ఇబ్బందిగా పెట్టారు.

“సిస్టరు గారూ, నేనూ ఆదివారం చర్చికెళ్లేవాణ్ణే. కానీ ఇది అందరి సొమ్ము. శిలువ కింద పడుకోబెడితేనే పాలిస్తారని ఏ తల్లీ అనుకోకూడదండి. పాట ఆపెయ్యాలి. ఇదీ కనపడకూడదు.”

కేంద్రం చూసుకునే సిస్టర్ అమలోద్భవి శిలువను వేలితో తడిమారు. “నువ్వెవరి బిడ్డవని ఆ శిలువ ఇంతవరకూ ఎవర్నీ అడగలేదండి,” అన్నారు. “అయినా మీరు చెప్పింది న్యాయమే.”

శిలువ పీకితే తొట్టెకు చిల్లులు పడతాయి, వాటి అంచులు పిల్లలకు గీసుకుంటాయి. అందుకని వెల్డింగు షాపులో మందపాటి ఇనుప రేకు కోయించి, ప్రభుత్వ పథకం పేరు రాయించి, శిలువ మీద కప్పి బిగించారు. ఏసుదాసు గారు మళ్లీ వచ్చి అటు నుంచీ ఇటు నుంచీ వంగి చూశారు. సిస్టరూ చూశారు. శిలువ ఏ మూల నుంచీ కనపడటం లేదు. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. నా ముల్లు వైపు మాత్రం ఒక్కరూ చూడలేదు.

మూడు వారాలు నేను అబద్ధమే చెప్పాను.

నాలుగో వారం నూకరత్నం వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయి, ఎండుచేపలు అమ్ముకుంటుంది. ఏడో తరగతిలోనే బడి మానిపించారు. పాట ఆగిపోయిందని తెలిశాకే అత్తగారు ఆమెను మా గడప తొక్కనిచ్చింది. తొమ్మిది నెలల కూతురు గంగను రెండు చేతులతో తెచ్చి నా తొట్టెలో పడుకోబెట్టింది.

“కార్డులో పసుపు గీతకు పైనే ఉందమ్మా!” సిస్టరు సంబరపడ్డారు. “పాలపొడి అక్కర్లేదు. ఇంకో బిడ్డకిద్దాం.”

నూకరత్నం నవ్వబోయి ఆగిపోయింది. “లేదండి. నిన్నటికంటే ఇయ్యాల తేలిగ్గా ఉందండి. నా చంకకి తెలుస్తాది కదండి.”

“తల్లులందరూ అదే అంటారు. మిషను చెబుతోంది కదమ్మా.”

“పిల్లని తీసేత్తానండి. ముందు ఖాళీ తొట్టె చూపించండి.”

“ఎందుకూ?”

“ఖాళీ తక్కెడ చూపించకుండా తూకమేత్తే మా బజార్లో బుట్ట మొకాన కొడతారండి.”

పక్కనున్న తల్లులు కిసుక్కుమన్నారు. నూకరత్నం గంగను ఎత్తుకుంది. తొట్టె ఖాళీ అయింది. నా ముల్లు సున్నా దగ్గరికి రాలేదు, పావుకిలో దగ్గర నిలబడిపోయింది. కిసకిసలు ఆగిపోయాయి.

సిస్టరు స్క్రూడ్రైవరు తెచ్చి రేకు ఊడదీశారు. మళ్లీ తూచారు. గంగ గీత కిందే ఉంది.

“ఎంత తప్పు చేశానమ్మా…”

“తప్పు సంగతి తరవాతండి. ముందు డబ్బా ఇయ్యండి.”

మర్నాడు ఏసుదాసు గారు వచ్చారు. ఆ రేకును అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. “కనపడుతోందా లేదా అనే చూశానండి,” అన్నారు. వారం తిరక్కుండా ఏ గుర్తూ లేని కొత్త యంత్రం పంపించారు. నన్ను సామాన్ల గదిలో ఖాళీ డబ్బాల వెనక పెట్టారు. నాకేం కష్టం లేదు. వాళ్లిద్దరూ మంచివాళ్లే, ఇద్దరిదీ న్యాయమైన మాటే. అయినా ఆ మూడు వారాల్లో ఆరుగురు పిల్లలు గీత దాటినట్టు నా చేతనే చెప్పించి, పాలపొడి ఆపేశారు. సిస్టరు గడప గడపా తిరిగి అయిదుగురిని వెనక్కి తెచ్చారు.

ఆరోవాడు దొరకలేదు. పేరు దుర్గబాబు, పదకొండు నెలలు. ఎడమ చెవి వెనక కందిగింజంత పుట్టుమచ్చ ఉంటుంది. వాళ్లమ్మ అచ్చియమ్మ వాణ్ణి చంకనేసుకుని గోదావరి గట్టు వైపు ఇటుక బట్టీల పనికి వెళ్లిపోయిందట. ఏ బట్టీయో ఎవరికీ తెలియదు. బిడ్డ బాగున్నాడనే ధైర్యంతోనే వెళ్లి ఉంటుంది. ఆ ధైర్యం ఇచ్చింది నేనే.

మీలో ఎవరైనా ఆ దారిన వెళితే ఒక్కసారి వాకబు చేయండి. వాణ్ణి చేతుల్లోకి ఎత్తుకుని చూడండి. తేలిగ్గా అనిపిస్తే, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి, అది ఎవరిదైనా సరే, తీసుకెళ్లండి.