ఇంటిపేరు మైకుది, పేరు జనానిది

ఒకే పేరు ఇద్దరికి ఉంటే తప్పేమీ లేదు. ఒకడి పేరు ఊరంతా మోగుతూ, రెండోవాడి పేరు వాడి గుమ్మం కూడా దాటకపోతేనే తంటా. మన పాటగాడికి వచ్చిన తంటా అదే. ఇంటిపేరుతో సహా అక్షరం తేడా లేకుండా అతని పేరూ, ఆ ఫుట్‌బాల్ ఆటగాడి పేరూ ఒకటే. ఇద్దరికీ చుట్టరికం లేదు, మాటామంతీ లేదు. ఇలాంటి పాటగాడొకడు భూమ్మీద ఉన్నాడన్న సంగతే ఆటగాడికి తెలియదు. అసలు కడుపు మండేది అక్కడే.

పాటగాడు సాయంత్రాలు ఒక క్లబ్బులో పాడతాడు. అక్కడ గ్లాసుల చప్పుడుకి ఉన్న మర్యాద పాటకి లేదు. ఆ సంపాదన ఇంటికి చాలక శనివారాలు స్టేడియంలో మైకు పట్టాడు. గోల్ పడితే, కొట్టినవాడి ఇంటిపేరు ఇతను మైకులో సాగదీసి పిలవాలి. పేరు జనం అందుకుని అరుస్తారు. అక్కడి పద్ధతి అది. ఆటగాడు ఆ జట్టులో చేరిన దగ్గర్నుంచి మనవాడి పాట్లు పగవాడికి కూడా వద్దు. తన ఇంటిపేరు తనే పిలుస్తాడు, తన పేరు వేలమంది గొంతు చించుకుని అరుస్తారు, ఆ అరుపుల్లో ఒక్కటీ తనది కాదు. పెళ్ళికొడుకు బట్టలు తనవే, పెళ్ళి మాత్రం ఇంకొకడిది.

ఆ వేలమందిలో అతని భార్య కూడా ఉండేది. సరిగ్గా మైకు గది కింది వరుసలో ఆమె కుర్చీ. ఇంట్లో ఆమెకి అతను 'ఏమండీ'. పెళ్ళయి ఇన్నేళ్ళయినా పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఎప్పుడైనా అతనే బతిమాలితే, "ఛీ, నాకు సిగ్గు" అని వంటింట్లోకి పారిపోయేది. అలాంటి మనిషి గోల్ పడగానే కుర్చీ ఎక్కి, మెడ నరాలు ఉబ్బేలా అదే పేరు అరుస్తుంటే మైకు గది అద్దంలోంచి చూస్తూ అతను ఉడికిపోయేవాడు. అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడిగితే 'అవును, అతనంటే ఇష్టం' అంటుందేమోనని భయపడి మింగేసేవాడు.

ఆ శనివారం పొద్దున క్లబ్బు మేనేజరు ఫోన్ చేశాడు.

"గురువుగారూ, ఏమీ అనుకోకండి. గుమ్మం దగ్గరి బోర్డు మీద మీ పేరు తీసేస్తున్నాం."

"ఎందుకు? నా పేరు ఎవరి సొమ్ము తిన్నది?"

"నిన్న కూడా రెండు టేబుళ్ళవాళ్ళు ఆటగాడు వస్తాడనుకుని వచ్చారు. స్టేజీ మీద మిమ్మల్ని చూసి తిట్టుకుంటూ లేచిపోయారు. ఉత్తినే 'ఈరోజు పాటలు' అని రాస్తే ఏ గొడవా ఉండదు."

పుండు మీద కారం చల్లినట్టయింది. తన పేరు తనదేనని చెప్పే చోటు లోకం మొత్తం మీద ఆ బోర్డు ఒక్కటే. అదీ పోయింది.

మధ్యాహ్నం ఆట. చివరిదాకా రెండు జట్లకీ గోల్ లేదు. అప్పుడు ఆటగాడు దూరం నుంచి గట్టిగా తన్నాడు. బంతి అడ్డొచ్చిన అవతలి డిఫెండర్ మోకాలిని రాసుకుంటూ వెళ్ళి వలలో పడింది. అది ఆటగాడి గోలేనని పాటగాడికి తెలుస్తూనే ఉంది. అనుమానం ఉంటే కింద మైదానం దగ్గరున్న అధికారి ఇయర్‌ఫోన్‌లో చెప్పేదాకా ఆగాలన్నదీ తెలుసు. కానీ కింది వరుసలో భార్య అప్పటికే కుర్చీ ఎక్కేసి, ఇంటిపేరు ఎప్పుడు పిలుస్తారా అని నోరు తెరుచుకుని నిలబడింది. ఆమె ముఖంలో ఆ వెలుగు చూశాక అతనికి ఒళ్ళు తెలియలేదు. మైకు నొక్కాడు.

"సెల్ఫ్ గోల్. అవతలి జట్టు, నాలుగో నంబరు."

స్టేడియం ఒక్కసారిగా చల్లబడిపోయింది. ఎవరికీ ఏం అరవాలో తెలియలేదు. ఆ నిశ్శబ్దంలో కింది వరుస నుంచి ఒకే ఒక్క గొంతు లేచింది. అదే పేరు. జేజేలు పలికినట్టు కాదు, పొయ్యి మీద పాలు పొంగుతుంటే పక్కగదిలో మనిషిని కేకేసినట్టు. భార్య మైదానం వైపు కాక మైకు గది వైపే చూస్తోంది. తన ఆటగాడికి అన్యాయం చేశానని నిలదీస్తోందనుకున్నాడు పాటగాడు.

"గోల్ అతనిదే! ఎవరు చెప్పమన్నారు నిన్ను? సరిగ్గా పిలువు!" అని చెవిలో అధికారి గదిమాడు.

పిలిచాడు. ఎప్పటిలా సాగదీయలేదు. జనానికి అదేం పట్టలేదు, పేరు ఆకాశాన్ని అంటేలా అరిచారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

"అది అతని గోలేనని మీకు తెలుసు కదూ?" అంది భార్య.

"తెలుసు."

"మరి?"

ఇన్నాళ్ళూ మింగిందంతా ఒక్కసారి బయటపడింది. "నీకు వాడంటే అంత ఇష్టమైతే చెప్పెయ్యి! ఇంట్లో నా పేరు పలకడానికి నోరు పెగలదు. వాడికోసమైతే కుర్చీలెక్కుతావు. ఇందాక ఊరంతా నోరు మూసుకున్నా నువ్వొక్కదానివే అరిచావు."

ఆమె అతని వంక వింతగా చూసింది.

"నేను పిలిచింది మిమ్మల్నండీ! చేతులారా ఉద్యోగం పోగొట్టుకుంటున్నారని గుండె జారిపోయింది. అంతమందిలో 'ఏమండీ' అంటే ఎంతమంది మొగుళ్ళు తిరిగి చూస్తారు?"

"మరి మిగతా శనివారాలు?" అన్నాడు పాటగాడు.

"అవీ అంతే. ఇంటిపేరు పిలిచేది మీరు. నేను పలికేది మీకు. ఇంట్లో సిగ్గు నాకు. అక్కడైతే అందరిలో కలిసిపోతుంది, ఎవరికి తెలుస్తుంది? అతను గోల్ కొడితే తప్ప నాకా వీలు లేదు. ఇవాళ అదీ చెడగొట్టబోయారు."

అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ రెంటినీ మించి ఆశ పుట్టింది.

"ఒక్కసారి ఇప్పుడు అనవూ?"

"బస్సులోనా?" ఆమె ముఖం ఎర్రబడింది. అటూ ఇటూ చూసి, "ముందు మీరు ఇంటిపేరు అనండి" అంది.

అతను గొంతు సవరించుకున్నాడు. మైకు లేకపోయినా అలవాటు కొద్దీ కాస్త సాగదీసి పిలిచాడు. ఆమె నోరు తెరిచేలోపే వెనక సీట్లలో జట్టు చొక్కాలవాళ్ళంతా పేరు అందుకుని బస్సు దద్దరిల్లేలా అరిచారు. ఆ గోలలో భార్య పెదవులు కదిలాయి. అతను కళ్ళారా చూశాడు. చెవికి మాత్రం అందలేదు.

"ఏమన్నావు? మళ్ళీ అను!"

"అన్నాను కదండీ" అని ఆమె నవ్వుతూ కిటికీ వైపు తిరిగిపోయింది.

పాటగాడు వెనక్కి తిరిగి, వీపున తన పేరు వేసుకుని నవ్వుతున్న వాళ్ళందరి వంకా కొరకొరా చూశాడు.