జెనీల్ ఎత్తు

కోర్టు కిటికీ చెక్కను పైకెత్తి కొక్కేనికి తగిలించాడు ఆస్బర్ట్ లూయిసన్. తడిగుడ్డతో బల్ల తుడిచి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, బ్లేడుతో పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టాడు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ప్రతి శుక్రవారం ఇదే వరస. పొద్దున తండ్రులు వచ్చి పిల్లల మనోవర్తి కడతారు. మధ్యాహ్నం తల్లులు వచ్చి తీసుకుంటారు. ఇద్దరూ ఒకే వేళకి వస్తే కోర్టు వరండాలోనే జుట్లు పట్టుకుంటారని ఏనాడో ఎవరో పెద్దమనిషి చేసిన ఏర్పాటు. ఇవాళతో అది సరి. సోమవారం నుంచి అంతా బ్యాంకులోనే. కిటికీ మూసేస్తారు, రేపు గోడలకు రంగులు వేస్తారు, లూయిసన్‌కి పెన్షన్ ఇస్తారు. అయినా పెన్సిల్ మాత్రం ఎప్పటిలాగే సన్నగా చెక్కాడు.

అరవై నాలుగేళ్ళ మనిషి. పొడవాటి మెడ, కాలరు తిరగేసి కుట్టిన తెల్లచొక్కా. పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలు ఇనెజ్ ఇంట్లో ఉంటాడు. ప్రమోషన్ అడగలేదు, పైవాళ్ళూ ఇవ్వలేదు. ఊళ్ళో ఎవరినడిగినా "ఎవరు, ఆ కిటికీ ఆయనా?" అంటారు, అంతకుమించి చెప్పడానికేమీ దొరకదు. ఆయన చేసిన విశేషం ఒక్కటే, అదీ రూల్సుకి విరుద్ధం. తల్లుల వెంట వచ్చే పిల్లల్ని కిటికీ పక్కనున్న స్తంభానికి ఆనించి నిలబెట్టి, నెత్తిమీద స్కేలు పెట్టి గీత గీసేవాడు. పక్కన పేరు, తేదీ. మరుసటి శుక్రవారం పొద్దున తండ్రులు ముందు ఆ స్తంభం దగ్గరికే వెళ్ళేవాళ్ళు.

ఏడేళ్ళప్పుడు లూయిసన్ కూడా తల్లి గౌను అంచు పట్టుకుని ఈ స్తంభం దగ్గరే నిలబడేవాడు. "ఇవాళా కట్టలేదమ్మా" అనేవాడు అప్పటి గుమాస్తా. డబ్బు మాట అలా ఉంచి, నేనెంత ఎదిగానో అడిగే మనిషైనా లేకపోయాడే అన్న బాధ ఆయనకి ఇప్పటికీ పోలేదు.

ఎనిమిదింటికి ఆల్బన్ కాడోర్ వచ్చాడు. రేవులోంచి తిన్నగా వచ్చాడేమో, మోకాళ్ళ దాకా తడి. డబ్బు కట్టేముందు, కూతురు జెనీల్ పేరు రాసి ఉన్న గీతల్లో అన్నిటికన్నా పైదాని మీద అరచెయ్యి ఆనించాడు. ఏళ్ళ తరబడి ఆ పిల్ల గీతల మీద అలా ఆనించి ఆనించి అక్కడ సున్నం జిడ్డు పట్టింది.

"ఏం బాబాయ్, ఇవాళతో నీకు పెన్షను, నాకు బ్యాంకు మెట్లా?"

"నీ చేపల కంపు ఆ ఏసీ గదిలో ఎలా భరిస్తారో పాపం."

ఆల్బన్ నవ్వి, జేబులోంచి పచ్చ నైలాన్ తాడు చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "రేపు ఇదంతా తెల్లగా కొట్టేస్తారటగా. పిల్ల వస్తే దీంతో కొలిచి ముడి వెయ్యి. సోమవారం వచ్చి పట్టుకెళ్తా."

"వస్తుందో, రాదో..."

"మొన్న ఆగస్టులో వచ్చిందిగా! గీత ఉందిగా! ముడి గట్టిగా వెయ్యి బాబాయ్, నీ గుమాస్తా ముళ్ళు జారిపోతాయి. మా పిల్ల ఐదేళ్ళకే వల ముళ్ళు వేసేది, చివర పళ్ళతో బిగించి మరీ."

లూయిసన్ తలొంచుకుని రసీదు రాశాడు. ఆగస్టులో ఎవరూ రాలేదు.

ఆరేళ్ళ కిందట స్కూలు ఆటల పోటీల్లో జెనీల్ పరుగెడుతుంటే, ఆల్బన్ తాగొచ్చి అందరి ముందూ ఆమెకి అడ్డంగా పడ్డాడు. ఆ తర్వాత అతను మళ్ళీ మందు ముట్టలేదు, పిల్ల మళ్ళీ అతని మొహం చూడలేదు. తల్లితో కలిసి కోర్టుకి మాత్రం వచ్చేది. పన్నెండేళ్ళు నిండాక అదీ మానేసింది. కొత్త గీత కోసం ఆల్బన్ వారం వారం స్తంభమంతా వెతుక్కోవడం చూడలేక, ఒక రోజు లూయిసన్ తనే వేలి మందం పైన ఒక గీత గీశాడు. రెండేళ్ళలో అలాంటివి నాలుగు. తప్పని తెలుసు. ఇవాళ పిల్ల రాకపోతే ఐదో అబద్ధాన్ని ముడి వేసి ఇవ్వాలి. ఆ తాడు వంక చూస్తూనే రొట్టె బయటికి తీశాడు. సగం తిని పొట్లం కట్టేశాడు.

మధ్యాహ్నం గాలికి వచ్చే జాజికాయల గోదాము వాసనతో పాటు తల్లులూ వచ్చారు. "సోమవారం నుంచి ఎవర్ని కసురుకుంటారు లూయిసన్ గారూ, కోళ్ళనా?" అంది ఒకామె. నవ్వుతూనే ఆయన కళ్ళు గేటు మీదే ఉంచాడు. పోయిన వారం జెనీల్ తల్లి వెర్లీన్‌ని, పిల్లని ఒక్కసారి తీసుకురమ్మని బతిమాలాడు. మూడున్నరకి వెర్లీన్ వచ్చింది. వెనకాల స్కూలు బట్టల్లో, మూతి ముడుచుకుని, జెనీల్.

"నేనేమైనా చిన్నపిల్లనా అంకుల్, గోడకి నిలబెట్టి కొలవడానికి?"

లూయిసన్ కిటికీ వదిలి బయటికొచ్చాడు. "పై నాలుగు గీతలూ నావమ్మా. మీ నాన్నకి అబద్ధం చెప్పాను."

"ఆయన చూస్తాడా వీటిని?"

"ప్రతి శుక్రవారం. ఆ జిడ్డు ఆయన చెయ్యే."

జెనీల్ ఆ మరక వంక చూసింది. దాని మీద తన చెయ్యి పెట్టి, టక్కున తీసేసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి స్తంభానికి వీపు ఆనించింది.

"జుట్టు లెక్కలోకి రాదు. నొక్కండి."

స్కేలు ఆనించి చూస్తే, ఆయన గీతకన్నా పిల్ల బెత్తెడు పైన ఉంది. అబద్ధంలో కూడా ఎంత పిసినారినయ్యాను అనుకుని లూయిసన్ పైకే నవ్వేశాడు. తాడు నేల నుంచి పట్టి ముడి వేస్తే అది కాస్తా జారిపోయింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది.

"అబ్బా, ఇలా ఇవ్వండి!" జెనీల్ తాడు లాక్కుంది. కొలత దగ్గర బొటనవేలు నొక్కిపెట్టి, అటు తిరిగి, తలొంచుకుని కాసేపు ఏదో చేసింది. చుట్టచుట్టి ఆయన చేతిలో పెట్టి, బూట్లు వేసుకోకుండానే తల్లి కన్నా ముందు మెట్లు దిగిపోయింది.

లూయిసన్ తాడును కవరులో పెట్టి ఆల్బన్ పేరు రాశాడు, వాచ్‌మన్‌కి అప్పగించాడు. ఇంటికెళ్ళే ఎత్తుదారిలో రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. "బెత్తెడు తక్కువ గీశానే ఇనెజ్!" అని ఆ రాత్రి చెల్లెలితో మూడుసార్లు చెప్పాడు. ఆమెకి అర్థం కాకపోయినా సరేనంది. ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చేసరికి వరండా కుర్చీలో కూర్చునే ఉన్నాడు. కోకో టీ కప్పులో చల్లారిపోయింది. పిలిస్తే పలకలేదు.

లూయిసన్ పోయిన సంగతి రేవులో తెలిసినా, సోమవారం ఆల్బన్ వచ్చాడు. కిటికీకి మేకులు కొట్టేశారు. స్తంభం తెల్లగా, కొత్తగా ఉంది. చెయ్యి ఆనించబోయి, పొద్దునే వేసిన రెండో పూత ఇంకా తడిగా ఉండటంతో వెనక్కి తీసుకున్నాడు. వాచ్‌మన్ కవరు ఇచ్చాడు. ఆల్బన్ తాడు విప్పి, ఒక కొస కాలికింద తొక్కిపట్టి పైకి లాగాడు. ముడి తన గడ్డానికి తగిలింది. ఇంత ఎదిగిందా అని అడుగుదామంటే చెప్పేవాడు లేడు. ముడిని వెలుగులోకి పట్టి తిప్పి చూశాడు. రెండు చుట్లు, లోపలికి దోపిన చివర, ఆ పచ్చ నైలాన్ మీద వరసగా చిన్న చిన్న పళ్ళ గాట్లు.