సున్నపు గీత

స్నానాల గది గట్టు మీద కూర్చుని కుడి మోకాలికి పట్టీ మూడో చుట్టు చుడుతున్నాడు. కొస పళ్ళతో పట్టుకుని, మోకాలు వంచి, మళ్ళీ చాపి, ఎక్కడ పట్టేస్తుందో చూసుకున్నాడు. చిప్ప కింద బఠాణీ గింజంత ముక్క ఏదో జరిగి, ఠక్కుమని దాని చోట అది కూర్చుంది. ఐదేళ్ళుగా ఆ ముక్క అతనితో కాపురం చేస్తోంది. పట్టీ కనపడకుండా పైన పైజామా లాక్కుని, కుంటకుండా నడవడానికి రెండడుగులు అక్కడే అలవాటు చేసుకుని, అప్పుడు బయటికొచ్చాడు.

ముప్పై నాలుగేళ్ళు. ఏ ఆఫీసులోనో ఉంటే ఇంకా కుర్రాడి కిందే జమకట్టేవాళ్ళు. ఫుట్‌బాల్‌లో మాత్రం ముసలాడే.

పదమూడేళ్ళుగా ఒకే క్లబ్‌కి కుడి వింగర్. అంటే మైదానం కుడి అంచున సున్నంతో వేసిన గీత వెంట పైకీ కిందికీ పరిగెత్తాలి. బంతి దొరికితే గోల్ ముందుకి కొట్టాలి. దొరక్కపోతే వెనక్కొచ్చి ఆ వైపు కాపలా కాయాలి. ఆడేది రెండో తరగతి జట్టు. అతని బొమ్మ ఏ గోడకీ ఎక్కలేదు. వేసిన గోల్స్ వేళ్ళ మీద లెక్కపెట్టేయొచ్చు, కాకపోతే కాలివేళ్ళు కూడా అరువు తెచ్చుకోవాలి. అయినా ఏ కోచ్ వచ్చినా అతన్ని కదపలేదు, ఎందుకంటే అతను గీత వదలడు. మిగతా పదిమందీ మధ్యలోకి ఎగబడి గందరగోళమైపోతున్నా కుడి వైపు అతనుండేవాడు. ప్రతి ఆటకీ అతని కుడి బూటు బయటి అంచు తెల్లగా సున్నం పూసుకుని తిరిగొచ్చేది. బూట్లు కడిగే ముసలాయన అది చూసే 'సున్నం' అని పేరు పెట్టాడు, అదే ఖాయమైపోయింది.

ఈ ఏడు నెలలుగా ఆ పేరుకి అర్థం లేదు. అతని చోట ఇంకొకడు పరిగెత్తుతున్నాడు, ఇతను బెంచీ మీద కూర్చుంటున్నాడు.

వంటింట్లో ఆరేళ్ళ కూతురు పాలగ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంది. పసుపుపచ్చ గౌను అప్పుడే తొడిగేసుకుంది.

"నాన్నా, ఇవాళ కూడా కూర్చునే ఆటేనా?"

వెటకారం కాదు పాపం. బడిలో ఎవరో పిల్ల చెప్పిందట, మీ నాన్న ఆడడు, కూర్చుంటాడు అని. అదొక రకం ఆట అనుకుంటోంది. అతను బాగా ఆడుతున్న రోజుల్లో అది ఉయ్యాల్లో ఉంది. ఆ తర్వాత మైదానానికి తీసుకెళ్ళడం కుదరక, తండ్రి పరిగెత్తడం ఆ కళ్ళతో ఒక్కసారీ చూడలేదు.

"కాదమ్మా. ఇవాళ నీ ఎదురుగానే పరిగెత్తుతాను. నాలుగో వరస సీటు తీశాను. చెయ్యి చాపితే తగులుతాను, చూసుకో."

"ఊరికే ఆశ పెట్టకండి దానికి," అంది భార్య, పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండానే. మందుల షాపులో పని ఆవిడకి. శనివారం సెలవు అడిగి తెచ్చుకుంది.

"ఆశ కాదు, మాట."

అంత ధీమా ఎక్కడిదంటే, సోమవారం కోచ్ గదిలోకి పిలిచాడు. వచ్చే ఏడాది జాబితాలో నీ పేరు లేదు అన్నాడు. మంచినీళ్ళు తాగమన్నాడు. శనివారం చివర్లో పావుగంట దింపుతాను, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళు అన్నాడు. ఈ మాటల్లో చివరిదొక్కటే అతను ఇంటికి తెచ్చుకున్నాడు. మొదటిది నోటిదాకా వచ్చి ఐదు రోజులుగా అక్కడే ఉండిపోయింది.

మధ్యాహ్నం బట్టలు మార్చుకునే గదిలో ముసలాయన బూట్లు తెచ్చి ఒళ్ళో పెట్టాడు.

"ఏడు నెలలైందిరా నీ బూటుకి బ్రష్ పెట్టి. పనిలేక నా చేతులు దురదపెడుతున్నాయి."

"ఇవాళ కడుగుదువుగానిలే, బాబాయ్."

వెళ్ళిపోయే ఆటగాడికి బూట్లు శుభ్రంగా కడిగి, సంచిలో పెట్టి చేతికివ్వడం అక్కడి పద్ధతి. కొత్త సంచి ఒకటి అప్పటికే కొక్కేనికి వేలాడుతోంది. ఇద్దరూ దాన్ని చూడనట్టే ఉన్నారు.

అది ఆ ఏడాదికి ఆఖరి ఆట. గెలిస్తే జట్టు రెండో తరగతిలో నిలబడుతుంది. సమానంగా ముగిసినా సరే, మూడో తరగతికి జారిపోతుంది. జనం గంట ముందే వచ్చి కూర్చున్నారు. ఆట మొదలైన ఇరవయ్యో నిమిషంలో వీళ్ళ గోల్ పడింది. మైదానం దద్దరిల్లిపోయింది. బెంచీ మీంచి అతను ఎదుటి వైపు నాలుగో వరసలో పసుపుపచ్చ చుక్కని వెతికి పట్టుకున్నాడు. దానికి పది గజాల దూరంలో, సరిగ్గా తను చెప్పిన చోట, తన స్థానంలో వచ్చినవాడు గీత వెంట పరిగెత్తుతున్నాడు.

సగం ఆట అయ్యి జట్లు రెండూ వైపులు మారాక గానీ అతని బుర్రకి తట్టలేదు.

వైపులు మారితే కుడి ఎదుటి అంచుకి కాదు, ఈ అంచుకి వస్తుంది. తను దిగేది రెండో సగంలో. పరిగెత్తేది ఈ బెంచీల ముందు. పిల్ల కూర్చున్నది మైదానానికి అవతలి అంచున. టికెట్ల గదిలో ఏ వైపు కావాలని అడిగితే ఆలోచించకుండా 'అటు' అనేశాడు. ఆట మొదటి నిమిషం నుంచీ మైదానంలో ఉండే మనిషి చెప్పాల్సిన జవాబది. ఏడు నెలలు బెంచీ మీద కూర్చున్నా లోపలున్న ఆటగాడు ఇంకా కూర్చోలేదు. ఓరి దేవుడా, ఇంతకంటే వెర్రితనం ఉంటుందా?

డెబ్బై ఐదో నిమిషంలో కోచ్ లేవమన్నాడు.

"సార్, ఎడమవైపు వేస్తారా నన్ను?" పదమూడేళ్ళలో అతను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

"నీ ఎడమకాలు నువ్వు కిందపడకుండా ఉండటానికే పనికొస్తుంది," అన్నాడు కోచ్ నవ్వుతూ. తర్వాత నవ్వు ఆపేశాడు. "చూడు సున్నం, జాలిపడి దింపడం లేదు నిన్ను. ఒక గోల్ ముందున్నాం. నువ్వు గీత వదలవు, అందుకు దింపుతున్నా. గీత వదలకు. అదొక్కటే."

జనం లేచి చప్పట్లు కొట్టారు. పన్నెండు నిమిషాలు అతను ఏం చెయ్యాలో అదే చేశాడు. రెండుసార్లు బంతి లాక్కున్నాడు. ఒకసారి బయటికి తన్నాడు. మోకాల్లో ముక్క దాని చోట అది లేదు, అయినా పళ్ళ బిగువున పరిగెత్తాడు. మధ్యమధ్యలో అవతలి వైపు చూశాడు. పిల్ల కుర్చీ ఎక్కి నిలబడింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెతుకుతోంది, తన వైపు కాదు, తన ముందున్న గడ్డిలో.

ఎనభై ఎనిమిదో నిమిషంలో బంతి ఆ అంచున బయటికి పోయింది. విసరడానికి వీళ్ళ వాడే చేతుల్లోకి తీసుకున్నాడు. రెండే నిమిషాలు, ఏమవుతుందిలే, అనుకున్నాడు. అనుకున్నానని తెలిసేలోపే మైదానం సగం దాటేశాడు. వెనక నుంచి కోచ్ కేక వినపడింది. విననట్టు నటించలేదు, విన్నాడు.

"అన్నా, ఇటెందుకొచ్చావు?" అన్నాడు ఎడమ వింగర్.

"ఒక్క నిమిషం నువ్వటు చూసుకో."

జనం హోరులో ఆ కుర్రాడికి ఎంత వినపడిందో ఏమో, కదల్లేదు. విసిరిన బంతి కాళ్ళ దగ్గరికొచ్చింది. ఒకణ్ణి తప్పించాడు. సున్నపు గీత వెంట, ఎడమకాలు బయటికి పెట్టి, నాలుగో వరస ముందునుంచి పరిగెత్తాడు. "నాన్నా!" అని గొంతు చించుకున్న కేక ఒకటి వేలమందిలోంచి విడిగా వినపడింది. ఆ ముప్పై అడుగులూ అతనికి మోకాలే లేదు. ప్రాణం లేచొచ్చింది.

చివర్న గోల్ ముందుకి కొట్టాడు. ఎదుటి జట్టు గోల్‌కీపర్ రెండు చేతులా పట్టుకుని, ఒక్క చూపు చూసి, బంతిని అవతలి అంచుకి విసిరాడు. అక్కడ ఎవరూ లేరు. పదమూడేళ్ళుగా ఎవరో ఒకరు ఉన్న చోటది. ప్రత్యర్థి బంతి తీసుకుని షికారుకెళ్ళినట్టు వెళ్ళాడు. ఇతను మైదానాన్ని అడ్డంగా కోస్తూ పరిగెత్తాడు, మధ్యలో మోకాలు మడతపడి బోర్లా పడ్డాడు. తల ఎత్తేసరికి వల ఊగుతోంది.

ఆట సమానంగా ముగిసింది, జట్టు మూడో తరగతికి జారిపోయింది. గదిలో కోచ్ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త బాగుండేది. ఎవరి సాక్సులు వాళ్ళు విప్పుకుంటున్నారు. ఒకడు మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. అతను బూట్లు విప్పి తన అరలో పెట్టి, చెప్పులేసుకుని, ముసలాయన సంచి తీసేలోపే పక్క తలుపులోంచి బయటపడ్డాడు.

తలుపవతల గోడ నీడన తల్లీకూతుళ్ళు నిలబడి ఉన్నారు. పిల్ల నేలచూపులు చూస్తోంది.

"చూశావామ్మా?"

"ఊఁ."

"ఎదురుగానే పరిగెత్తానా, లేదా?"

తలూపింది గానీ ఎత్తలేదు. ముగ్గురూ నడక సాగించారు. పిల్ల నాలుగడుగులు ముందుకెళ్ళాక భార్య గొంతు తగ్గించి అంది: "మీరు మా వైపొచ్చినప్పుడు కుర్చీ ఎక్కి చుట్టూ అందరికీ చెప్పింది, మా నాన్న, మా నాన్న అని. ఆ గోల్ పడ్డాక అందరూ నోటికొచ్చినట్టు తిట్టారు. వెనకాయన అడిగాడు, వాడు మీ నాన్నేనా పాపా అని." ముందు నడుస్తున్న పిల్ల వైపు చూసింది. "కాదంది."

అతను కొంచెం దూరం కుంటుతూ నడిచాడు. ఇప్పుడు దాచుకోవాల్సిన పనిలేదు.

"మంచిపని చేసింది," అన్నాడు. "లేకపోతే దాన్నీ తిట్టేవాళ్ళు." మళ్ళీ అన్నాడు: "నన్ను తీసేశారు. సోమవారమే చెప్పారు."

"తెలుసు. సోమవారం నుంచి మీరు నిద్రలో కాళ్ళాడించడం లేదు."

లోపల ముసలాయన అందరి బూట్లూ కడిగి ఆరబెట్టాడు. ఆఖరికి సున్నం అర దగ్గరికొచ్చి, జత బయటికి తీసి, బ్రష్ నీళ్ళలో ముంచాడు. జతని తిప్పి చూసి, బ్రష్ విదిలించి పక్కన పెట్టేశాడు. జతని కడగకుండానే మళ్ళీ అరలో పెట్టి దీపం తీసేశాడు. కుడి బూటు బయటి అంచున ఎప్పటిలాగే సున్నం. ఎడమ బూటు అంచున, పదమూడేళ్ళలో మొదటిసారిగా, నాలుగు వేళ్ళ పొడవున తెల్లటి చార.