నచ్చినవారికి ఇంటూ గుర్తు

పేరమ్మ ట్రెవర్ సార్ గడ్డం కింది చర్మాన్ని బొటనవేలితో లాగిపట్టి రేజరు నెమ్మదిగా కిందికి దింపింది. నురుగుతోపాటు తెల్లని ముళ్ళలాంటి వెంట్రుకలు ఊడివచ్చాయి. మగ్గులోని వేడినీళ్ళలో రేజరు ఆడించి, చెవి మిషనుకి తడి తగలకుండా మళ్ళీ చెంప మీద పెట్టింది. ఆయనకు ఎనభై రెండేళ్ళు. రెండేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. అప్పట్నుంచి గడ్డం గీయడం కూడా ఆమె పనుల్లో చేరింది.

గల్ఫ్ ఎడారి ఊరు అల్ ఐన్‌లో ఎండ పొద్దున ఏడింటికే కిటికీ అద్దాన్ని వేడెక్కిస్తోంది. జూలై ఒకటి, సోమవారం.

"ఈ రోజు వేసేస్తారా సార్?" అంది తువ్వాలుతో ఆయన మెడ తుడుస్తూ. వాళ్ళిద్దరి మధ్య మాట సగం ఇంగ్లీషు, సగం హిందీ. పద్నాలుగేళ్ళలో అది ఆ ఇంటి భాష అయిపోయింది.

ఆయన భోజనాల బల్ల వైపు చూశారు. శనివారం తపాలా పెట్టె నుంచి పేరమ్మే తెచ్చిన కవరు అక్కడ జామ్ సీసాకు ఆనించి ఉంది. దాని లోపల బ్యాలెట్ కాగితం. బ్రిటన్‌లో గురువారం ఎన్నికలు. దేశం వదిలి పదిహేనేళ్ళు దాటినవాళ్ళకు ఓటు లేదన్న నిబంధనను ఆ ఏడాదే తీసేశారు. పొలాలకు నీటి గొట్టాలు వేయించే ఇంజినీరుగా పాతికేళ్ళ కిందట ఇక్కడికి వచ్చేసిన ఆయనకు, చివరిసారి ఓటేసిన పద్నాలుగేళ్ళకు మళ్ళీ ఓటు వచ్చింది. వచ్చిన ఓటును రెండు రోజులుగా ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. ఈ రోజు కొరియర్‌కి ఇవ్వకపోతే అది గురువారం రాత్రి పదింటిలోగా చేరదు.

పేరమ్మ టోస్టు మీద వెన్న రాసి ఆయన ముందు పెట్టింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, బలమైన మణికట్లతో ఉంటుంది. బట్టలు పిండీ పిండీ అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. రాజోలు దగ్గర పల్లె నుంచి మొదట మస్కట్ వెళ్ళి, అక్కడ మూడేళ్ళు చేసి, ఈ ఇంటికి వచ్చింది. సార్ భార్య ఐరిస్ మేడమ్ మంచం పట్టినప్పుడు మూడేళ్ళు ఆమెను ఎత్తి, దించి, కడిగింది. 2021లో ఆమె పోయాక ఈ ఇంట్లో ఇద్దరే మిగిలారు.

"మా నియోజకవర్గంలో వందేళ్ళుగా గెలిచేది నీలం పార్టీ వాళ్ళే," అన్నారు సార్. "నేను వేసేది పసుపు పార్టీకి. ఇరవయ్యో ఏడాది దాటినప్పటి నుంచీ. ఒక్కసారి కూడా మావాడు గెలవలేదు. ఐరిస్ ఎర్రవాళ్ళకి వెయ్యమనేది. నీలం వాళ్ళని దించగలిగేది వాళ్ళేనని. నా ఓటు చెత్తబుట్టలో వేసినట్టేననేది."

"మరి మేడమ్ చెప్పినట్టు వెయ్యండి."

"మావాళ్ళు ఒక్కసారి ప్రభుత్వంలోకి వచ్చారు పేరమ్మా. నువ్వు ఈ ఇంటికి వచ్చిన ఏడాదే. ఎవరికీ మెజారిటీ రాలేదు. మావాళ్ళు వెళ్ళి నీలం వాళ్ళతోనే కలిశారు. కాలేజీ ఫీజులు పెంచనివ్వం అని మాట ఇచ్చి, మూడింతలు చేసినప్పుడు సరేనని చేతులెత్తారు. ఐరిస్ టీచరు కదా. నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, నేనే పెంచినట్టు." ఆయన టోస్టు తుంచి మళ్ళీ పళ్ళెంలోనే పెట్టేశారు. "ఎవరికి వేశామో కాగితం మీద ఉంటుంది. వాళ్ళు రేపు ఎవరితో కలుస్తారో ఉండదు."

"మా దగ్గర ముందే కలుస్తారు సార్. కూటమి అని బోర్డులు కూడా కట్టేస్తారు."

ఆయన నవ్వారు. "మరి నీ ఓటు?"

"మే నెల్లో ఎవరో వేసేశారంట. పద్మజ వెళ్ళేటప్పటికే నా పేరు దగ్గర టిక్కు పెట్టుందంట." పద్మజ ఆమె కూతురు, ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరు. "నేను వేసింది ఒక్కటే సార్, నా అంతట నేను వేసింది. మిగతావన్నీ మా ఆయన చెప్పిన గుర్తుకే."

ఏ ఎన్నిక అని ఆయన అడిగారు. పేరమ్మ పళ్ళెం తీయబోయి ఆగింది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని మాట. ఇక్కడ, ఇంత దూరంలో, చెప్తే ఏమవుతుందనిపించింది.

"మా పంచాయతీకి సర్పంచి ఆడవాళ్ళే ఉండాలన్నారు. రెండు పార్టీల వాళ్ళూ తమ భార్యల్ని నిలబెట్టారు. మా పేటలో వజ్రకాంతం అని ఒకావిడ ఉండేది. కొబ్బరిపీచు కొట్టే చోట నాతోనే పనిచేసేది. మా పేటకి కుళాయి కావాలని అడిగీ అడిగీ, విసుగొచ్చి తనే నిలబడింది. కత్తెర గుర్తు. మా ఆయన ఉంగరం మీద గుద్దమన్నాడు. నేను కత్తెర మీద గుద్దాను."

"గెలిచిందా?"

"పదకొండు వచ్చాయి సార్. రెండువేల ఓట్లున్న ఊళ్ళో. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. అరుగు మీద కూర్చుని వేళ్ళ మీద లెక్కేసుకుంది. తను, మొగుడు, కొడుకులు, కోడళ్ళు, చెల్లెళ్ళు కలిపి తొమ్మిది. మిగిలిన ఇద్దరెవరా అని ఇంక అదే పని. దారంట పోయేవాళ్ళ మొహాల్లోకి చూసేది. నా మొహంలోకీ చూసింది. మా ఆయనకి తెలిస్తే బతకనివ్వడని నేను తల దించుకున్నాను. నేను మస్కట్‌లో ఉండగా పోయింది. ఒంట్లో బాలేనప్పుడు కూడా అనేదంట, ఆ ఇద్దరు మాత్రం నాకు దేవుళ్ళని."

సార్ పళ్ళెం ఆమె వైపు జరిపారు. "రెండోవాళ్ళెవరు?"

"తెలీదు సార్. నేనూ వెతికాను."

ఆమె గిన్నెలు కడిగి, ఉతికిన దుప్పట్లు డాబా మీద ఆరేసి కిందికి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు పెట్టుకుని కాగితం ముందు వంగి ఉన్నారు. పెన్ను మొన గడి మీద తచ్చాడుతోంది.

"కాగితం పట్టుకో. అటు తిరిగి పట్టుకో. చూడకూడదు."

పేరమ్మ మొహం గోడ వైపు తిప్పి, రెండు అరచేతులతో కాగితం అంచులు అదిమిపట్టింది. పెన్ను ఒకసారి గీసింది. ఆగింది. రెండోసారి గీసింది.

"ఏం గుర్తు సార్?"

"ఇంటూ."

"నచ్చినవాళ్ళకి ఇంటూ కొడతారా? మాకు బళ్ళో తప్పు రాస్తే కొట్టేవారు."

ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. కాగితం మడిచి చిన్న కవరులో పెట్టి, ఆ కవరును, సంతకం చేసిన ఇంకో కాగితాన్ని పెద్ద కవరులో పెట్టారు. అంతా అయ్యేసరికి పావుగంట పట్టింది. అంచు నాలికతో తడిపి అతికిస్తూ, "ఐరిస్ ఒప్పుకోదు," అన్నారు.

పేరమ్మ కవరును ప్లాస్టిక్ సంచీలో చుట్టి, హ్యాండుబ్యాగులో నిలువుగా పెట్టుకుంది. సార్ తలుపు దాకా వచ్చారు. "కాసేపు పడుకుంటాను. తొందరేం లేదు, మెల్లిగా రా."

కొరియర్ ఆఫీసు ఇరవై నిమిషాల నడక. గోడల నీడ పట్టుకుని నడిచింది. కౌంటర్లో రమీజ్ ఉన్నాడు, నెల్లూరు కుర్రాడు, పేరమ్మ ఊరికి పంపే పార్శిళ్ళన్నీ అతనే కడతాడు.

"ఏం పంపిస్తుండావు అక్కా, ఇంగ్లండుకి?"

"ఓటు బాబు. సార్‌ది."

రమీజ్ కవరు అటూ ఇటూ తిప్పాడు. "ఓటని రాయలేను. డాక్యుమెంట్ అని రాస్తా. ఎప్పటికి అందాల?"

"గురువారం రాత్రి పదింటికి ఖలాస్ అంటండి. అది దాటితే లెక్కలోకి రాదంట."

"బుధవారానికి చేరాల. చేర్తాది." తూకం వేసి చీటీ అంటించాడు. "గెలుస్తాడా సార్ వేసినోడు?"

"లేదంట బాబు."

రమీజ్ ఆమె వైపు చూశాడు. కవరును వెనకనున్న ట్రేలో అన్నిటికన్నా పైన పెట్టాడు.

తిరిగొస్తూ ఆమె రెండు నిమ్మకాయలు, పెరుగు కొంది. ఇంట్లో అడుగు పెట్టి సంచీ దించి, నిమ్మరసం పిండి, సార్ గది తలుపు తట్టింది. జవాబు లేదు. తోసి చూసింది.

ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. మోకాళ్ళు కొంచెం ముడుచుకున్నాయి. చెప్పులు మంచం కింద జతగా ఉన్నాయి. పేరమ్మ పాదం మీద చెయ్యి వేసింది. ఆ చల్లదనం ఏసీది కాదు. ఐరిస్ మేడమ్ పాదాలు చూసిన చెయ్యి అది, పోల్చుకుంది. దుప్పటి సర్ది, మంచం పక్కన నేల మీద కూర్చుంది. పొద్దున్న తాను గీసిన చెంప నున్నగా ఉంది. చెవి దగ్గర మాత్రం వెంట్రుకల గీత ఒకటి మిగిలిపోయింది. కొంతసేపయ్యాక లేచి అంబులెన్సుకి ఫోన్ చేసింది.

తర్వాతి రోజులు పోలీసులతో, ఎంబసీ కాగితాలతో గడిచాయి. ఇంగ్లండు నుంచి మేనల్లుడు వచ్చాడు. మెత్తని మనిషి. ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేస్తామని, ఆమె వీసా కాగితాలు, టికెట్ తాను చూస్తానని చెప్పాడు. పద్మజ ఫోన్లో "వచ్చేయమ్మా, ఇంక చాల్లే," అంది. పేరమ్మ "ఆయ్, వస్తానే," అంది. పద్నాలుగేళ్ళు ఒక పెట్టెలో పట్టాయి.

ఎన్నికల మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం రమీజ్ ఫోన్ చేశాడు. సార్ పోయిన సంగతి అతనికి తెలిసింది.

"బుధవారం పొద్దున్నే అందిందక్కా. సంతకం పెట్టి తీసుకున్నారు. చచ్చిపోయినా ముందే పంపితే లెక్కేస్తారంట, అడిగి కనుక్కున్నా. కవరు మీదుండే ఊరి రిజల్టు కూడా చూసినా. నీలమోళ్ళు ఓడిపోయినారు. ఎర్రోళ్ళు గెల్చినారు."

"పసుపు వాళ్ళకి ఎన్ని?"

"మూడో స్థానం అక్కా."

"ఎన్ని బాబు?"

రమీజ్ ఫోన్లో వెతికాడు. "ఆరువేల రెండొందల నలభై ఒకటి."

పేరమ్మ మరోసారి చెప్పించుకుంది. నలభై కాదు, నలభై ఒకటి. ఆ మాట మనసులో పెట్టుకుని సార్ గదిలోకి వెళ్ళింది. మేనల్లుడు బట్టలు మడిచిపెట్టమన్నాడు. మంచం మీద పరుపు లేదు. కిటికీ తెరలు తీసేశారు. చొక్కాలు ఒక్కొక్కటే మడుస్తుంటే ఎక్కడో సన్నని కూత వినిపించింది. ఏసీ ఆపింది. కూత ఆగలేదు. మంచం పక్క సొరుగు లాగింది.

మాత్రల అట్టల వెనక, చిన్న డబ్బాలో, పడుకునే ముందు ఆయన తీసిపెట్టిన చెవి మిషను ఇంకా పనిచేస్తూనే ఉంది.